రెండు నిమిషాల్లో అయిపోయిన మూడు నిమిషాల రౌండు

ఉద్యోగ జీవితమంతా కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. అందులో ఒక్క ఏడాది బాక్సింగ్ నేర్పాను. ఆ ఏడాది నాకు బాక్సింగ్ రాదు. ఇప్పుడూ రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకు నా మీద పెద్దగా ఆశలు ఉండవు, నాకూ రాయడం తేలికవుతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర పి.డి.లు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. ఏ ఆటగాడి ఏ కదలికైనా ఫోనులో తీసి చూపిస్తారు. నిదానంగా కావాలంటే నిదానంగా, వెనక్కి కావాలంటే వెనక్కి. చూసి సంతోషిస్తాను. ఒక పాత కేసెట్‌ను నమ్మి నేను చేసిన తెలివితక్కువ పని వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడుగుతారు. అందుకే రాసి పెడుతున్నాను.

తొంభైల మొదట్లో సంగతి. నేను రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో ఉండేవాణ్ణి. కాపురం తెనాలిలో. పొద్దున రేపల్లె రైలు బండెక్కడం, సాయంత్రం అదే బండిలో తిరిగి రావడం. నా ఆట వాలీబాల్. నెట్టు కట్టడానికి రెండు గుంజలూ, ఒక బంతీ ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఏడాది వికెట్ కీపరు గ్లౌజులు కావాలని ఆర్డరు రాసి పంపాను. నెల తర్వాత పెట్టె వచ్చింది. విప్పితే ఎర్రగా, ఉబ్బిన బూరెల్లా నాలుగు జతల బాక్సింగ్ గ్లౌజులు. నా చేతిరాతలో 'కీపింగ్' అన్నది వాళ్ళకు 'బాక్సింగ్'లా ఎలా కనిపించిందో ఇప్పటికీ అర్థం కాదు. మా ఆవిడ మాత్రం అందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదంది.

వెనక్కి పంపేద్దామని ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన ఒక గ్లౌజు చేతికి తొడుక్కుని బల్ల మీద రెండుసార్లు మెత్తగా గుద్దారు. ముఖం వెలిగిపోయింది.

"బావున్నాయయ్యా. ఉంచేయండి."

"మనకు బాక్సింగ్ లేదండి."

"లేకపోతే పెట్టండి. ఈసారి అంతర కళాశాలల పోటీల్లో బాక్సింగ్ కూడా ఉందట, బాపట్లలో పెడుతున్నారట. ఇదిగో సర్క్యులర్. ఇవి రావడం, అది రావడం చూస్తుంటే మీకు ఏమనిపిస్తోంది?"

నాకు భయమనిపిస్తోందని చెప్పలేక, "చూద్దామండి" అని వచ్చేశాను. నేను శిక్షణ పొందిన కాలేజీలో బాక్సింగ్ మీద ఒకే ఒక పాఠం ఉండేది. ఆ రోజు జ్వరమొచ్చి హాస్టల్లో పడుకున్నాను.

తెనాలిలో మా వీధి చివర ఒక వీడియో కేసెట్ల షాపు ఉండేది. అక్కడ అడిగితే, షాపాయన అటక మీదనుంచి దుమ్ము దులిపి ఒక కేసెట్ తీశాడు. ఓడలో పనిచేసే వాళ్ళ బంధువెవరో ఏదో రేవులో కొని తెచ్చి ఇక్కడ వదిలేశాడట. "ఒక్కరు తీసుకెళ్ళలేదండి. ఫైటింగని తీసుకెళ్తే హీరోయినే లేదని తిరిగిచ్చేస్తున్నారు" అన్నాడు. అందులో పూర్వకాలపు గొప్ప బాక్సర్ల పోటీలున్నాయి. అన్నీ నలుపు తెలుపు బొమ్మలు, చాలావాటికి మాటలు కూడా లేవు, వెనకాల ఎవరో బ్యాండు మేళం కలిపారు. రౌండు మొదలయ్యే ముందు దాని నంబరు రాసిన అట్ట ఒకటి తెర మీద కనపడేది. ఇద్దరు మనుషులు మూలల్లోంచి లేచి వచ్చి కొట్టుకుని, మళ్ళీ మూలలకు వెళ్ళి కూర్చునేవారు.

చూడటానికి కాలేజీలో టీవీ, వీసీఆర్ ఉన్నాయి. అవి ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉండేవి, తాళంచెవి ఫిజిక్స్ మేడమ్ దగ్గర ఉండేది. ఆవిడా తెనాలి నుంచే వచ్చేవారు. బండిలో ఎదురు సీట్లో కూర్చుని పేపర్లు దిద్దుకునే మనిషి. నాతో మాట్లాడింది తక్కువ. విషయం చెబితే, "బాక్సింగా? బుర్రలు బద్దలు కొట్టుకోవడం నేర్పుతారా?" అన్నారు. అయినా తాళం ఇచ్చారు. ఒకటే షరతు పెట్టారు, వీసీఆర్ దగ్గర తను ఉండాలి. సాయంత్రం క్లాసులయ్యాక బండి టైము వరకు గంటన్నర ఉండేది. ఆ గంటన్నర మేము కేసెట్ చూసేవాళ్ళం. ఆవిడ వెనక బెంచీలో కూర్చుని రికార్డులు దిద్దేవారు.

నోటీసు పెడితే పదకొండు మంది కుర్రాళ్ళు వచ్చారు. మొదటి వారంలో ముక్కుకు దెబ్బ తగలగానే ఆరుగురు వెళ్ళిపోయారు. మిగిలిన అయిదుగురిలో ఒకడు పెనుమూడి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. బి.ఏ. రెండో ఏడు. రైతుల బిడ్డ. చేతులు పొడుగు, మాట తక్కువ. మిగతావాళ్ళు తెర మీద చూసింది వెంటనే చేసెయ్యాలని ఎగిరేవాళ్ళు. ఇతను గోడకానుకుని చూస్తూ ఉండేవాడు.

ఆ కేసెట్‌లో ఉన్నవాళ్ళను ఏమని చెప్పను! ఒక పొట్టివాడు ఉండేవాడు, వంగి వంగి కప్పలా దూకేవాడు. ఒక పొడగరి రెండు చేతులూ కిందకు దించి తలను మాత్రం పక్కకు తప్పించేవాడు. గుద్దు తలను రాసుకుంటూ పోయేది తప్ప తగిలేది కాదు. వాళ్ళందరిలోనూ నన్ను కట్టి పడేసింది వాళ్ళ వేగం. చేయి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తగిలిందో కనపడేది కాదు. కాళ్ళు కుట్టుమిషన్ సూదుల్లా ఆడేవి. రింగు చుట్టూ ఉన్న జనం కూడా గబగబా నడిచేవాళ్ళు, గబగబా చప్పట్లు కొట్టేవాళ్ళు. అదేదో ఆ దేశాల చలి వల్ల అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

ఇక చూడండి నా శిక్షణ. "ఏంట్రా ఆ గుద్దు? మీరు ఒక్కటి కొట్టే లోపల వాళ్ళు నాలుగు కొడుతున్నారు! వందేళ్ళ నాటి మనుషులు మీకంటే నయం!" అని గ్రౌండంతా అరిచేవాణ్ణి. నా దగ్గర ఈల ఉండేది. ఈల ఊదగానే మొదలు పెట్టాలి, మళ్ళీ ఊదేదాకా చేతులు ఆగకూడదు. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని గాలిని గుద్ది గుద్ది గడ్డిలో పడేవాళ్ళు. సాయంత్రం కేసెట్ చూసి సిగ్గుపడేవాళ్ళు. మర్నాడు ఇంకా గట్టిగా చేసేవాళ్ళు. రెండు నెలలు ఇలాగే గడిచాయి. వాళ్ళలో నలుగురికి నిజంగానే కొంత చురుకు వచ్చింది.

పెనుమూడి అబ్బాయికి రాలేదు. అతను నెమ్మదిగా కదిలేవాడు, ఒక్క గుద్దు గుద్ది వెనక్కి తగ్గి ఎదుటివాడిని చూసేవాడు. ఒకరోజు అందరి ముందూ నాకు ఒళ్ళు మండింది.

"నువ్వు బాక్సింగ్‌కు వచ్చావా, పెళ్ళిచూపులకు వచ్చావా? నీ ఒంట్లోనే నిదానం ఉందిరా. బురదలో దున్నపోతు నయం. నీకిది రాదు."

అందరూ నవ్వారు. అతనూ కొంచెం నవ్వాడు. గ్లౌజులు విప్పి, లేసులు రెండూ కలిపి ముడివేసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా గ్రౌండుకు రాలేదు. కాలేజీకి మాత్రం వస్తున్నాడని, నన్ను చూసి పక్క వరండాలోంచి వెళ్ళిపోతున్నాడని తర్వాత తెలిసింది. నేను పట్టించుకోలేదు. పోటీలకు నాలుగు వారాలే ఉంది, నాకు వేగమైన కుర్రాళ్ళు నలుగురున్నారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, రికార్డులు దిద్దుతున్న మేడమ్ ఉన్నట్టుండి తలెత్తి, "ఒకసారి వెనక్కి తిప్పండి" అన్నారు.

వెనక్కి తిప్పాను. రింగు పక్కన ఎవరో సంతోషం పట్టలేక టోపీ గాల్లోకి విసిరాడు. అది పైకి వెళ్ళి కింద పడింది. అంతే.

"ఇంకోసారి."

మళ్ళీ టోపీ లేచింది, పడింది.

"మాస్టారూ, ఆ కాలంలో భూమ్యాకర్షణ ఇప్పటికంటే ఎక్కువగా ఉండేదా?"

నాకు అర్థం కాలేదు. "ఏంటండీ?"

"ఆ టోపీ పడే తీరు చూడండి. భూమ్మీద ఏ టోపీ అంత తొందరగా పడదు." ఆవిడ లేచి ల్యాబ్‌లోకి వెళ్ళి, లోలకం ప్రయోగానికి వాడే స్టాప్‌వాచ్ తీసుకొచ్చారు. "బాక్సింగ్‌లో రౌండు ఎంతసేపు?"

"మూడు నిమిషాలండి."

"ఒక రౌండు మొత్తం వెయ్యండి."

వేశాను. ఇద్దరూ మూలల్లోంచి లేచారు, కొట్టుకున్నారు, వెళ్ళి కూర్చున్నారు. మేడమ్ వాచీ నొక్కి నా ముందు పెట్టారు. రెండు నిమిషాల రెండు సెకన్లు. ఇంకో రౌండు వేశాం. రెండు నిమిషాల ఒక సెకను. మూడోదీ అంతే.

"అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్ళండి. సెకనుకు పదహారు బొమ్మలు తీసి ఉంటారు. దాన్ని ఇప్పుడు సెకనుకు ఇరవై నాలుగు చొప్పున పరిగెత్తిస్తున్నారు. అందుకే చీమల్లా ఉరుకుతున్నారు. నిజంగా వాళ్ళెవరూ అలా కదల్లేదు. మనిషన్నవాడు అలా కదల్లేడు."

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. గదిలో నలుగురు కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు మెల్లగా, "అయితే సార్, ఈ రెండు నెలలూ మేము పోటీ పడింది..." అని ఆగిపోయాడు. ఇంకొకడు పూర్తి చేశాడు. "వీసీఆర్‌తోరా."

అంతే. ఒకడికి నవ్వు మొదలైంది, అది నలుగురికీ అంటుకుంది. మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కడుపు పట్టుకుని నవ్వుతున్న ఆ కుర్రాళ్ళను చూసి నేనూ నవ్వాను, కానీ నా నవ్వు సగంలో ఆగింది. బల్ల మీద ముడివేసి పెట్టిన గ్లౌజులు గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం బండిలో మేడమ్ పేపర్లు తియ్యలేదు.

"ఆ పెనుమూడి అబ్బాయికి చెప్పారా?" అన్నారు.

"ఎదురుపడితే చెబుతానండి."

"మిమ్మల్ని చూసి పక్కకు తప్పుకుంటున్నాడటగా. ఎదురెలా పడతాడు? మాస్టారూ, మీరు చెప్పకపోతే అతను జన్మంతా తను నిదానమనే అనుకుంటాడు. లెక్క తప్పింది మీది. మార్కులు పోయింది అతనికి."

నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, విద్యార్థి ముందు తప్పు ఒప్పుకున్న మాస్టారిని నేనెప్పుడూ చూడలేదు. ఎలా మొదలు పెట్టాలో కూడా తెలియదు. రెండు రోజులు వాయిదా వేశాను. మూడో రోజు శనివారం, ఒంటిపూట. అటెండరు సైకిలు అడిగి తీసుకుని పెనుమూడి బయలుదేరాను.

ఊళ్ళోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అడుగుతూ వెళితే వాళ్ళ ఇల్లు కృష్ణ కరకట్టకు దగ్గరలో కనపడింది. అబ్బాయి నాన్నగారు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నారు. కాలేజీ మాస్టారినని చెప్పగానే కంగారుగా లేచారు.

"ఏం చేశాడండి మావోడు?"

"ఏమీ చెయ్యలేదండి. నేనే చేశాను."

ఆయనకు అర్థం కాలేదు, మంచం వాల్చి మజ్జిగ తెప్పించారు. అబ్బాయి దొడ్లోంచి వచ్చి నన్ను చూసి అక్కడే నిలబడిపోయాడు. మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని, దారి పొడవునా అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ దేశాల చలి వల్ల అనుకున్న సంగతి, టోపీ సంగతి, స్టాప్‌వాచ్ సంగతి, పదహారు బొమ్మలు, ఇరవై నాలుగు బొమ్మలు.

"నువ్వు నిదానం కాదయ్యా. ఆ కేసెట్ తొందర. అది చూసి నిన్ను అనకూడని మాట అన్నాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెబుతాను. నువ్వు రావాలి."

అతను తల దించుకుని కాలి బొటనవేలితో నేల మీద గీస్తున్నాడు.

"నేను నిదానమేనండి సార్. మా అమ్మ కూడా అంటది."

"అంటానండి, అన్నం తినడానికి గంట చేస్తాడు!" అని లోపల్నుంచి వాళ్ళమ్మగారి గొంతు వినపడింది.

నాన్నగారు తాడు పక్కన పెట్టారు. "సారూ, నాకు తెలవక అడుగుతా. మావోడు దెబ్బలాటకి ఎల్లాలని తమరు ఇంత దూరం సైకిలు తొక్కుకుంటా వచ్చారా?"

"అవునండి."

ఆయన కొడుకు వైపు తిరిగారు. "ఎల్లరా మరి. మేష్టారు అంతగా అడుగుతుంటే ఆలోచిస్తావేంటి?"

అబ్బాయి అప్పుడు తలెత్తాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. "సార్, మీరు నిజంగా చలి వల్లనే అనుకున్నారా అండి?"

సోమవారం గ్రౌండుకు వచ్చాడు. మాటిచ్చినట్టే అందరి ముందూ చెప్పాను. చెప్పాక ఛాతీ మీద నుంచి ధాన్యం బస్తా దించినట్టయింది. విచిత్రమేమిటంటే, ఆ రోజు నుంచే కుర్రాళ్ళు నా మాట ఎక్కువ వినడం మొదలు పెట్టారు.

ఇక కేసెట్‌ను అసలు వేగంతో చూడటం ఎలాగన్న సమస్య మిగిలింది. మా వీసీఆర్‌కు ఆపడం, నడపడం, వెనక్కి తిప్పడం తప్ప ఏమీ రాదు. దారి కూడా మేడమే చూపించారు. ఆవిడ చెల్లెలి పెళ్ళి వీడియోలో తలంబ్రాలు పోసే చోట బియ్యం గింజలు పూల రేకుల్లా మెల్లగా రాలాయట. ఆ పెళ్ళి తీసిన వీడియో గ్రాఫరు తెనాలిలోనే ఉన్నాడు. అతని దగ్గర గుండ్రటి మీట ఉన్న పెద్ద డెక్ ఒకటి ఉందని, దాన్ని తిప్పితే బొమ్మ ఎంత కావాలంటే అంత నిదానమవుతుందని తెలిసింది. ఆదివారం కుర్రాళ్ళు అయిదుగురూ రేపల్లె నుంచి బండెక్కి వచ్చారు. వీడియో గ్రాఫరు మమ్మల్ని చూసి, "పెళ్ళికొడుకు ఎవరండీ ఇందులో?" అన్నాడు. కేసెట్ పెట్టి మీట తిప్పాడు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. రెండున్నర నెలలుగా చీమల్లా, కుట్టుమిషన్లలా చూసినవాళ్ళు ఒక్కసారిగా మనుషులైపోయారు. ఆయాసపడుతున్నారు. గుద్దు తప్పిపోయి తూలుతున్నారు. అలిసిపోయి ఒకరి భుజం మీద ఒకరు బరువు వాలుస్తున్నారు. కప్పలా దూకుతాడనుకున్న పొట్టివాడు నిజానికి దూకడం లేదు. ముందు పాదం మీదకు మెల్లగా బరువు తెచ్చుకుని, ఎదుటివాడు ఊపిరి వదిలే సమయం చూసి, ఒక్క అడుగు వేస్తున్నాడు. పొడగరి గుద్దు తప్పించుకున్న ప్రతిసారీ సన్నగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు మాకు అంతకుముందు కనపడనే లేదు.

చాప మీద కూర్చున్న పెనుమూడి అబ్బాయి ముందుకు జరిగి జరిగి టీవీకి మూరెడు దూరంలోకి వెళ్ళిపోయాడు.

"సార్, ఈయన ఎక్కువసేపు కొట్టట్లేదండి."

"మరేం చేస్తున్నాడు?"

"చూస్తున్నాడండి. వెనక కాలి మీదకు బరువు లాక్కుని, రమ్మంటున్నాడు. అవతలోడు వచ్చి కొట్టి, ఆ చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు ఈయన కొడుతున్నాడు."

వీడియో గ్రాఫరు మీట ఇటు తిప్పి అటు తిప్పి అదే చోటు పదిసార్లు చూపించాడు. అతనికీ ఉత్సాహం వచ్చేసింది. మధ్యాహ్నం ఏదో ఒడుగు వీడియో తీయాల్సి ఉందన్న సంగతి వాళ్ళ ఆవిడ వచ్చి గుర్తు చేసేదాకా కదల్లేదు. ఆ తర్వాతి రెండు వారాలు నేను ఈల ఊదలేదు. కుర్రాళ్ళే ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. నేను పక్కన నిలబడి నీళ్ళు అందించేవాణ్ణి. నా బోధనా జీవితంలో అంత మంచి పక్షం రోజులు మళ్ళీ రాలేదు.

బాపట్లలో పోటీలు. కాలేజీ మైదానంలో షామియానా, చెక్కల వేదిక మీద తాళ్ళు కట్టిన రింగు. మా వాళ్ళలో బరువు, వయసు, డాక్టరు సర్టిఫికెట్టు అన్నీ సరిపోయి ముగ్గురు మిగిలారు. మేడమ్ సెలవు పెట్టి వచ్చారు. పెనుమూడి నుంచి అబ్బాయి నాన్నగారు కూడా వచ్చారు, రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి. ఉతికిన పంచె, భుజం మీద తువ్వాలు. నా పక్కనే కూర్చున్నారు.

మొదటివాడు నా ఈల కాలంలో బాగా వేగం నేర్చినవాడు. కంగారులో మిగతాదంతా మరిచిపోయి మొదటి నిమిషంలోనే కేసెట్‌లో లాగా విజృంభించాడు. ఎదుటి కుర్రాడు బిత్తరపోయాడు. జనం లేచి నిలబడ్డారు. రెండో నిమిషానికి మా వాడికి ఊపిరి అందలేదు, తాడు పట్టుకుని నిలబడిపోయాడు. ఓడిపోయాడు. దిగి వచ్చి, "సార్, ఆ ఒక్క నిమిషం ఎలా ఉంది?" అన్నాడు. "అద్భుతంగా ఉంది" అన్నాను. అబద్ధం కాదు. రెండోవాడి ప్రత్యర్థి పొద్దున హోటల్లో ఆశగా టిఫిన్ చేసి బరువు దాటిపోయాడట. మా వాడు గ్లౌజు ఎత్తకుండానే గెలిచి, తర్వాతి పోటీలో మర్యాదగా ఓడాడు.

పెనుమూడి అబ్బాయి వంతు వచ్చింది. గంట మోగగానే వాళ్ళ నాన్నగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "అయిపోయాక చెప్పండి సారూ" అన్నారు. ఎదుటివాడు దూకుతున్నాడు. మా వాడు వెనక కాలి మీదకు తగ్గి చూస్తున్నాడు. జనంలోంచి ఎవరో "కొట్టవయ్యా, నిద్రపోయావా!" అని అరిచారు. పక్కనుంచి మేడమ్ వెనక్కి తిరిగి, "మీరు ఊరుకోండి, అతను చూస్తున్నాడు!" అని గట్టిగా అన్నారు. అంతలో ఎదుటివాడి గుద్దు గాల్లోకి పోయింది. ఆ చేయి వెనక్కి వెళ్ళే దారిలోనే మా వాడి చేయి వెళ్ళి తగిలింది. ఒకటే, శుభ్రంగా. మళ్ళీ తగ్గాడు, మళ్ళీ చూశాడు. మూడు రౌండ్లూ అంతే. రిఫరీ అతని చేయి పైకెత్తాడు.

"అయిపోయిందండి, గెలిచాడు" అన్నాను. నాన్నగారు కళ్ళు తెరిచి, "దెబ్బలు తగిలినియ్యా?" అన్నారు. "ఎక్కువ తగల్లేదండి." "అవతలోడికి?" "అతనికీ ఎక్కువ తగల్లేదు." "అయితే పర్లేదు" అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

రెండో పోటీ కూడా అలాగే గెలిచాడు. సాయంత్రం ఫైనల్స్. ఎదుటివాడు పట్నం కాలేజీ కుర్రాడు. రెండేళ్ళుగా సరైన కోచ్ దగ్గర నేర్చుకున్నవాడు. ఆ కోచ్ పటాలంలో బాక్సింగ్ చేసి రిటైరైన పెద్దమనిషి, గుబురు మీసాలు. మొదటి రౌండు ఎవరిదో చెప్పలేం. రెండోది మావాడిది. మూడో రౌండులో ఆ కుర్రాడు మా వాడి ఎత్తు కనిపెట్టి, వచ్చినట్టే వచ్చి ఆగి, మా వాడు కదిలాక కొట్టడం మొదలు పెట్టాడు. ఇద్దరూ నవ్వుకుంటూ కొట్టుకున్నారంటే నమ్మండి. ఈసారి నాన్నగారు కూడా కళ్ళు తెరుచుకునే చూశారు. అయిదుగురు జడ్జిల్లో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ఒక్క ఓటుతో ఓడిపోయాం.

నాకు బాధగా అనిపించలేదు. అలా అనిపించకపోవడమేమిటా అని ఆలోచిస్తుండగానే మీసాల కోచ్ నా దగ్గరకు వచ్చారు.

"మాస్టారూ, మీవాడికి ఎవరు నేర్పారండి? ఆ వెనక కాలి మీద తగ్గే పద్ధతి ఇప్పుడు ఎవరూ చెయ్యట్లేదు. మా గురువుగారు వాళ్ళ గురువు గురించి చెప్పేటప్పుడు విన్నాను. అంతే, కళ్ళతో చూడటం ఇదే."

"నాకు బాక్సింగ్ రాదండి" అన్నాను. చెప్పడం అలవాటైపోయింది కాబట్టి టోపీ దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "ఆ కేసెట్ నాకు చూపిస్తారా?" అన్నారు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

పై ఆదివారం ఆయన తెనాలి వచ్చారు, ఫైనల్ గెలిచిన కుర్రాణ్ణి వెంట పెట్టుకుని. వీడియో గ్రాఫరు ఇంట్లో అదే చాప. మేడమ్ జంతికలు తెచ్చారు. మీట తిప్పుతుంటే కోచ్ గారు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. భుజం ఎందుకు తిప్పాడు, గడ్డం ఎందుకు దాచాడు అని. నేను నోటు పుస్తకం తీసుకుని రాసుకున్నాను. ఆ ఏడాది బాక్సింగ్‌లో నేను విన్న మొదటి పాఠం అది.

ఒక పోటీ చివర పెద్ద బాక్సరు ఎదుటివాణ్ణి పడగొట్టాడు. మేము ఎప్పుడూ అక్కడే ఆపి వెనక్కి తిప్పేసేవాళ్ళం. ఆ దెబ్బే కదా నేర్చుకోవాల్సింది! కోచ్ గారు, "ఉండండి, ఆపకండి" అన్నారు. బొమ్మ నిదానంగా నడిచింది. రిఫరీ లెక్క పెట్టడం అయిపోయింది. జనం టోపీలు విసురుతున్నారు. గెలిచినవాడు జనం వైపు చూడలేదు. నేరుగా పడిపోయినవాడి దగ్గరకు వెళ్ళి, వంగి, చంకల కింద చేతులు వేసి లేపి, పసివాణ్ణి నడిపించినట్టు అతని మూల దాకా నడిపించాడు. కూర్చోబెట్టి, నుదుటి మీద జుట్టు సర్దాడు.

వీడియో గ్రాఫరు చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. కాసేపటికి పెనుమూడి అబ్బాయి పక్కన కూర్చున్న పట్నం కుర్రాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"చూశావా అన్నా? గెలిచినోడు అలా వచ్చి లేపాలి. బాపట్లలో నన్నెందుకు లేపలేదు?"

ఆ కుర్రాడు నోట్లో జంతిక నములుతూ అతని వైపు తిరిగాడు.

"నువ్వు పడితే కదయ్యా లేపేది!"